కారు తలుపు తగిలి పడ్డాను, ఆ మనిషే మళ్లీ ఎదురయ్యాడు. ఏం చేయాలి?

ప్రశ్న (నల్లగొండ)

అందరికీ నమస్కారం. మాది పానగల్ వైపు. నల్లగొండ టౌన్‌లో ఒక మందుల షాపులో పని చేస్తాను. ఆరేళ్లుగా రోజూ సైకిల్ మీదే వచ్చి పోతున్నాను. పన్నెండు రోజుల కింద పొద్దున క్లాక్ టవర్ దగ్గర, రోడ్డు పక్కన ఆపిన కార్లను ఆనుకుని పోతుంటే ఒకాయన వెనక్కి చూడకుండా డ్రైవర్ వైపు తలుపు తీశాడు. హ్యాండిల్‌కు తగిలి కుడి పక్కకు, అరచేతి మీద పడ్డాను. వెనకొస్తున్న ఆటో అతను బ్రేకు వేయబట్టి బతికాను. కారాయన దిగి "చూసుకుని పోవద్దా?" అని నన్నే గదిమాడు. జనం పోగయ్యేసరికి ఐదు వందలు చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. చక్రం బెండ్ తీయించి, నాలుగు స్పోకులు వేయిస్తే అందులో సగం అయిపోయింది.

నిన్న సాయంత్రం ఆయనే మా షాపుకు వచ్చాడు, వాళ్లమ్మ బీపీ మందుల కోసం. నన్ను గుర్తుపట్టలేదు. మందులిచ్చాను, చిల్లర ఇచ్చాను, ఒక్క మాట అనలేకపోయాను. రాత్రంతా అదే టెన్షన్. మణికట్టు ఇంకా నొస్తోంది. ఇప్పుడు అడగొచ్చా? ఏమని అడగాలి? రోడ్డుకు ఎంత అంచున పోతే అంత క్షేమం అనుకున్నాను ఇన్నాళ్లూ. తప్పు నాదేనా?

జవాబు (మహబూబ్‌నగర్, స్టాఫ్ నర్సు)

అన్నా, ముందు చెయ్యి చూపించుకోండి, మిగతావి తర్వాత. అరచెయ్యి ఆనించి పడ్డవాళ్లకు మణికట్టులో స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక చిట్లవచ్చు. బొటనవేలు బాగా పైకి చాపండి, దాని మొదట్లో మణికట్టు పక్కన చిన్న గుంట పడుతుంది. అక్కడ నొక్కితే నొప్పి ఉంటే ఆలస్యం చేయొద్దు. ఈ చిట్లు మొదటి రోజు ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు, అందుకే అనుమానం ఉన్నప్పుడు పది, పద్నాలుగు రోజులకు మళ్లీ తీయిస్తారు. ఆ ఎముకకు రక్తం అందేదే తక్కువ, వదిలేస్తే అతుక్కోకుండా ఉండిపోతుంది. చేతిలోనే మందులున్నాయి కదా అని నొప్పి మాత్రలతో నెట్టుకురావద్దు, దయచేసి.

జవాబు (జడ్చర్ల, డీసీఎం డ్రైవర్)

తప్పు నీది కాదు తమ్మీ. వెనక చూసుకుని తలుపు తీయాల్సింది బండిలో ఉన్నవాడు. కానీ నువ్వు పోయే చోటు మార్చుకో. ఆగిన కారు తలుపు మొత్తం తెరిస్తే ఎంత ముందుకొస్తుందో అంత జాగా, అంటే మీటరు పైనే వదిలి పో. వెనక హారన్ కొడతారు, కొట్టనీ. రెండు కార్ల మధ్య ఖాళీ దొరికిందని లోపలికి దూరి మళ్లీ బయటికి రావద్దు. నేరుగా పోయే సైకిల్‌ను మేం అంచనా వేయగలం, అటూ ఇటూ ఊగేదాన్ని వేయలేం. ఆగిన కారులో తల కనపడుతోందా, వెనక ఎర్ర లైటు అప్పుడే ఆరిందా, అవి చూస్తూ పో.

ఇరవై రెండేళ్ల నుంచి బండి నడుపుతున్నాను. నా క్యాబిన్‌కు ఎడమ పక్క ఆనుకుని ఉన్న సైకిల్ నాకు కనపడదు. ఒకసారి భూత్పూర్ రోడ్డులో ఎడమకు తిప్పబోతుంటే క్లీనర్ డోరు కొట్టి అరిచాడు. బడికి పోయే పిల్లాడు. వాడి హ్యాండిల్‌కు, నా చక్రానికి జానెడు దూరం. వాడు ఏడవలేదు, నాకే కాళ్లు వణికి రోడ్డు మీద కూర్చున్నాను. అందుకే చెప్తున్నా, చౌరస్తాలో లారీ, బస్సు ఆగితే ఎడమ సందులో దూరకు, వెనకే ఆగు. అద్దంలో డ్రైవర్ మొహం నీకు కనపడట్లేదంటే నువ్వు అతనికి కనపడట్లేదు.

ఆ కారాయనకు ఒక్కటి చెప్పు, తలుపు ఎడమ చేత్తో తీయమని. అట్లా తీస్తే ఒళ్లు దానంతటదే తిరిగి, చూపు వెనక్కి పోతుంది.

జవాబు (మిర్యాలగూడ, ప్రమాద క్లెయిముల పని తెలిసినవాడిని)

కారు నెంబరు రాసుకున్నారా? లేకపోతే అక్కడి దుకాణాల సీసీ కెమెరా రికార్డింగు వెంటనే అడగండి, ఎక్కువ రోజులు ఉంచరు. మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ ప్రకారం దెబ్బ తగిలినవారికి వైద్యం అందేలా చూడాల్సింది, పోలీసులకు తెలపాల్సింది డ్రైవరే. ఐదు వందలతో ఆ బాధ్యత తీరదు. ఎముక విరిగి ఉంటే స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వండి. ప్రతి బండికీ ఉండాల్సిన థర్డ్ పార్టీ బీమాలో (బండి వల్ల బయటివారికి జరిగే నష్టానికి కట్టే బీమా) సైకిల్ మనిషి కూడా థర్డ్ పార్టీయే. ప్రమాద పరిహారం కేసులు చూసే ట్రిబ్యునల్‌లో క్లెయిమ్ వేయడానికి చట్టంలో పెట్టిన గడువు ఆరు నెలలు, ఇది 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. గుద్దిన బండి ఏదో తెలియకపోయినా తీవ్ర గాయానికి 50,000, ప్రాణం పోతే 2 లక్షల పరిహారం ఉంటుంది.

కౌంటర్ దగ్గర, పది మందిలో అడగొద్దు. బయటికి పిలిచి డాక్టర్ చీటీ చూపించి మాట్లాడండి. బిల్లులో ఉన్న ఆయన నెంబరుకు మాత్రం ఫోన్ చేయొద్దు. అది మందుల కోసం ఇచ్చింది.

ప్రశ్న అడిగినవారు (వారం తర్వాత)

సిస్టర్ చెప్పిందే నిజమైంది. సన్న చిట్లు కనపడింది, ఆరు వారాలు పట్టీ ఉంచమన్నారు. మీరు చెప్పకపోతే వెళ్లేవాణ్ణే కాదు, జీవితాంతం గుర్తుంచుకుంటాను.

మొన్న ఆయన ఒక మాత్రల షీటు మార్చుకోవడానికి వచ్చాడు. బయటికి పిలిచి తారీఖు, చోటు చెప్పాను. ముందు "నేను కాదు" అన్నాడు. తర్వాత పట్టీ వైపు చూసి మెట్టు మీద కూర్చుండిపోయాడు. ఆ రోజు అమ్మ కళ్లు తిరిగి పడిందని ఫోనొస్తే కంగారులో దిగాడట. ఎక్స్‌రే డబ్బులు ఇచ్చాడు, నేను అడగకుండానే బీమా కాగితం ఫొటో పంపాడు. ఫిర్యాదు ఇస్తానని చెప్తే సరేనన్నాడు. ఎడమ చేతి సంగతి చెప్పాను. కారులో కూర్చుని నా ముందే రెండుసార్లు తీసి చూశాడు.

ఇంకొక్కటి అడగాలి. నేను మళ్లీ సైకిల్ ఎక్కేసరికి యాసంగి కోతలు మొదలవుతాయి. మా దారిలో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు. అప్పుడు ఎట్లా?

జవాబు (జడ్చర్ల, డీసీఎం డ్రైవర్)

వడ్ల మీదికి పోకు, చక్రం జారుతుంది. సగం రోడ్డే మిగిలిన చోట ఎదురుగా లారీ వస్తే దిగి పక్కన నిలబడు, అది పోయాక కదులు. చీకటి పడ్డాక కుప్ప మీద పట్టా కప్పి చుట్టూ రాళ్లు పెడతారు, ఎదుటి లైట్ల వెలుగులో అవి కనపడవు. ఆ నెల రోజులు షాపులో అడిగి కాస్త ముందుగా బయలుదేరు. సైకిల్ వెనక ఎర్ర లైటు పెట్టించు.