పోర్ట్ ఆర్లియన్స్ రివర్‌సైడ్‌లో ఏ గది మంచిది?

అంబాజీపేట తాతగారు:
అందరికీ నమస్కారం. జులైలో మా అబ్బాయి మమ్మల్ని ఫ్లోరిడాలో డిస్నీ వరల్డ్‌కి తీసుకెళ్తున్నాడు. బస డిస్నీవాళ్ల హోటల్ పోర్ట్ ఆర్లియన్స్ రివర్‌సైడ్‌లో. మొత్తం 2,048 గదులట! ఏ రకం కావాలో నన్నే తేల్చమన్నాడు. ఫోటోల్లో అలిగేటర్ బయూ వైపువి చెట్ల మధ్య రెండంతస్తుల చెక్క ఇళ్లు. మాగ్నోలియా బెండ్ వైపువి తెల్లటి స్తంభాలతో జమీందారు బంగళాల్లా ఉన్నాయి. అక్కడే రాయల్ రూమ్ అని ఇంకోటి, ధర ఎక్కువ. నది కనబడే గదికీ అదనమే. వశిష్ఠ గట్టున పుట్టినవాణ్ణి, నీళ్లు చూడ్డానికి డబ్బు కట్టాలంటే మనసొప్పట్లేదు. మేం ఐదుగురం, మనవరాలికి ఆరేళ్లు. మా ఆవిడకి మోకాళ్ల నొప్పులు.

పాలకొల్లు సుబ్బలక్ష్మి:
అన్నయ్యగారూ, వదినగారి మోకాళ్ల సంగతి ముందు చూడండి. బయూ వైపు ఇళ్లకి లిఫ్ట్ లేదు. మాకు పైఅంతస్తు ఇచ్చారు. పార్కులో పొద్దంతా తిరిగొచ్చి ఆ మెట్లెక్కేసరికి మావారు మంచమ్మీద పడి భోజనానికి కూడా లేవలేదు. మాగ్నోలియా భవనాలు మూడంతస్తులు, లిఫ్ట్ ఉంది.

ఇక్కడో చిక్కు. ఐదో మనిషికి చిన్న మంచం ఉన్న గదులు మేం వెళ్లినప్పుడు బయూ వైపే చూపించారు. అది చిన్నపిల్లలకే సరిపోతుంది, మీ మనవరాలికి హాయి. బుక్ చేసేటప్పుడు ఐదుగురని వేసి చూడమనండి. బయూ అయితే కింది గదే కావాలని, బస్‌స్టాప్ దగ్గర ఇమ్మని ఫోన్ చేసి, మోకాళ్ల సంగతి కూడా చెప్పాలి. ఊరికే ఆన్‌లైన్‌లో రాస్తే ఇస్తారన్న గ్యారంటీ లేదు.

నది గదికి మాత్రం పైసా పెట్టకండి. సాసగూలా అని పెద్ద పేరేగానీ తవ్విన కాలువ. అందులో డిస్నీ స్ప్రింగ్స్ అనే షాపులూ హోటళ్లూ ఉన్న బజారు దాకా పడవ నడుస్తుంది, టికెట్ లేదు, సాయంత్రం ఎక్కండి. ఉరుములు మెరుపులొస్తే ఆపేస్తారు. జులైలో మధ్యాహ్నాలు అక్కడ రోజూ అదే తంతు.

రావులపాలెం కుర్రాడు:
బాబాయ్ గారూ, పక్కనే ఫ్రెంచ్ క్వార్టర్ అని ఇంకో డిస్నీ హోటల్ ఉంది, అదీ చూడండి. 1,008 గదులే, ఒకటే బస్‌స్టాప్, లిఫ్ట్‌లున్నాయి. ఆ పడవ అక్కడా ఆగుతుంది. గదికి నలుగురే, అంటే మీకు రెండు గదులు కావాలి. నన్నడిగితే పెద్దవాళ్లకి నడక తగ్గడమే ముఖ్యం. పిల్లకి మిక్కీ ఆకారంలో పంచదార చల్లిన బెన్యే, అంటే నూనెలో వేయించిన మెత్తటి పిండివంట, దొరుకుతుంది.

అంబాజీపేట తాతగారు:
రెండు గదులంటే అబ్బాయి జేబు చూడాలి నాయనా. అమ్మా సుబ్బలక్ష్మీ, రాయల్ రూమ్‌లో ఏముంది అంత?

పాలకొల్లు సుబ్బలక్ష్మి:
బటన్ నొక్కితే మంచం తలవైపు చెక్కమీద బాణసంచాలా చిన్న చిన్న దీపాలు వెలుగుతాయి. డిస్నీ సినిమాలో యువరాణి టియానా తన తోటి రాజకుటుంబాల స్నేహితులకి ఏర్పాటు చేసిన గదులని కథ. మనవరాలు గెంతులేస్తుంది, నిజమే. పొద్దున ఎనిమిదికల్లా బయటపడి రాత్రి వచ్చి పడుకునే గదికి అంత ఎందుకని నా ఉద్దేశం. దానికన్నా మామూలు గదులు రెండు తీసుకుంటే మీ అందరికీ నిద్రైనా పడుతుంది.

అంబాజీపేట తాతగారు:
అయితే కింది అంతస్తులో బయూ, లేదంటే మాగ్నోలియాలో మామూలు గదులు రెండు. రేట్లు రెండూ చూడమంటాను. పెరుగు పెట్టుకోడానికి ఫ్రిజ్ ఉంటుందా?

పాలకొల్లు సుబ్బలక్ష్మి:
చిన్నది ఉంటుంది. మైక్రోవేవ్ ఉండదు. ఆవకాయ సీసా మాత్రం బట్టల పెట్టెలో పెట్టకండి.