ట్రస్టు ఇంట్లో తక్కువ అద్దెకుంటే మరమ్మతు అడగకూడదా?

మూడో వాటా, గుంటూరు:
కొరిటెపాడు వైపు ఒక ధర్మ ట్రస్టు కట్టించిన వాటాల్లో ఏడేళ్ళుగా ఉంటున్నాం. మొత్తం పన్నెండు వాటాలు, ఒక్కోదానికి రెండు గదులూ వంటిల్లూ. అద్దె 3,200. బయట ఈ డబ్బుకు ఒక్క గది కూడా రాదు, కాదనను.

మొన్న ఆదివారం పొయ్యి మీద పప్పు ఉడుకుతుంటే వంటింటి స్లాబు పెచ్చు ఊడి గిన్నెలో పడింది. అరచెయ్యంత ఉంది. మా ఆవిడ ఇంగువ డబ్బా కోసం పక్కకు జరిగింది కాబట్టి సరిపోయింది. పైకి చూస్తే ఊచలు తుప్పుపట్టి ఉబ్బి కనపడుతున్నాయి. మేడమీద ట్యాంకు పొర్లిన నీళ్ళు రెండేళ్ళుగా అక్కడే నిలబడుతున్నాయి. ఆ నిమ్ము దిగి, ఊచ ఉబ్బి, సిమెంటును తోసేసిందని మేస్త్రి చెప్పాడు.

ఆఫీసులో ఫిర్యాదుల పుస్తకం ఉంది. పురికొసతో కట్టిన పెన్నూ ఉంది, దాంట్లో రీఫిల్లు లేదు. నా పెన్నుతోనే నాలుగుసార్లు రాశాను. సెక్రటరీ గారిది ఒకటే జవాబు: "ఈ అద్దెకు ఇంకేం కావాలండీ? మీరు వెళ్తే రావడానికి నలభైమంది ఉన్నారు." గేటు పక్కన దాతల పేర్ల పాలరాయి మాత్రం ఈమధ్యే కొత్తది వేయించారు.

ఈ నెల అద్దె ఆపేద్దామని నేను, వద్దని మా ఆవిడ. మీరేమంటారు?

పాత ట్రెజరర్, విజయవాడ:
సత్యనారాయణపురంలో ఇలాంటి కమిటీలోనే తొమ్మిదేళ్ళు లెక్కలు రాశాను. తిట్టేముందు ఒకసారి కూడి చూడండి. పన్నెండు వాటాలకు నెలకు 38,400. వాచ్‌మన్‌కు 13,000, ఊడ్చే ఆవిడకు 5,000, మోటారూ మెట్ల లైట్ల కరెంటు 4,000 వేసుకోండి. ఇంటిపన్ను, నీటిపన్ను, ఆడిటరు ఖర్చు నెలకు సర్దితే మరో నాలుగైదు వేలు. మిగిలేది పన్నెండు వేలు. మేడంతా నీళ్ళు దిగకుండా చేయించాలంటే అది ఏ మూలకు?

దాతలు ఇవ్వరా అంటారు. కొత్త గదికి ఇస్తారు, గది మీద పేరుంటుంది. కక్కసు గొట్టం మార్చాలి, పదివేలివ్వండి అంటే ఒక్కరూ పలకరు. గొట్టం మీద ఎవరి పేరు రాస్తాం?

ఇంకో మాట. పిల్లలకు ఉద్యోగాలొచ్చి, తాడేపల్లిలో ఫ్లాటు కొని అద్దెకిచ్చుకుంటూ మా వాటా ఖాళీ చెయ్యనివాళ్ళనూ చూశాను. అద్దె రెండొందలు పెంచుతామంటే "ధర్మసంస్థ కాదా మీది" అంటారు. మీరు అద్దె ఆపితే ముందు ఆగేది మోటారే, సెక్రటరీ కాదు.

రెండో మేడ:
ట్రెజరర్ గారూ, మా ప్రైవేటు ఓనరు మహా పిసినారి. అయినా ఇల్లు ఖాళీ అయితే నెల అద్దె పోతుందని భయం ఉంది, కాబట్టి ప్లంబరును పంపిస్తాడు. మీ ట్రస్టులకు ఆ భయం కూడా లేదు, నలభైమంది కాచుకుని ఉన్నారుగా! అందుకే ప్రైవేటువాడి కంటే మీరు ఎక్కువ జవాబు చెప్పాలంటాను. డబ్బు లేకపోతే లేదని లెక్క గోడకు అంటించండి. లెక్క చూపించకుండా "ఈ అద్దెకు ఇంతే" అంటే అది ధర్మం కాదు, దబాయింపు. 2018 మార్చిలో గుంటూరు ఆనందపేటలో డయేరియాతో మనుషులు చచ్చిపోయారు. కుళాయి నీళ్ళలో మురుగు కలవడానికి అద్దె ఎంతన్నది పట్టదు కదండీ.

కోర్టు గుమస్తా:
ప్లీడరు గారి దగ్గర పాతికేళ్ళుగా కాగితాలు మోస్తున్నవాణ్ణి. అద్దె మాత్రం ఆపకండి. కావాలని అద్దె ఎగ్గొడితే ఖాళీ చేయించడానికి అదే ఒక కారణం అవుతుంది. మీరే వాళ్ళ చేతికి తాడిచ్చినట్టు.

1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్‌లో ఒక దారి ఉంది. యజమాని చేయాల్సిన మరమ్మతు, నోటీసిచ్చి తగిన గడువు దాటినా చేయకపోతే, మీరే చేయించి ఆ ఖర్చు వడ్డీతో సహా అద్దెలో మినహాయించుకోవచ్చు. కిటుకంతా "చేయాల్సిన" అన్న మాటలో ఉంది. స్లాబు ఎవరిదని మీ ఒప్పందంలో రాసుకున్నారు? ముందు అది తీసి చదవండి.

మీ స్థలం ప్రభుత్వం ఉచితంగానో నామమాత్రపు ధరకో ఇచ్చిందేమో కూడా చూడండి. ప్రభుత్వ సాయం మీద గణనీయంగా ఆధారపడ్డ సంస్థలు సమాచార హక్కు చట్టం కిందికి వస్తాయని 2019లో డీఏవీ కాలేజీ ట్రస్టు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నగరంలో అలా ఇచ్చిన స్థలమూ సాయమే కావచ్చని అందులో ఉంది.

మూడో వాటా:
బీరువాలో వెతికితే ఒప్పందం దొరికింది. "పైకప్పు, గోడలు, డ్రైనేజీ సంస్థవి, సున్నం, బల్బులు, కుళాయి వాషర్లు అద్దెదారువి" అని స్పష్టంగా ఉంది. కానీ అది పదకొండు నెలలది. ఆరేళ్ళుగా కొత్తది రాయలేదు, రశీదు మాత్రం నెలనెలా ఇస్తున్నారు.

కోర్టు గుమస్తా:
గడువు దాటాక కూడా అద్దె తీసుకుంటున్నారు కాబట్టి నెలవారీ అద్దెగా సాగుతున్నట్టే, పాత షరతుల మీద అడగొచ్చు. అయితే నెలవారీ అద్దెదారును ఖాళీ చెయ్యమనడానికి 15 రోజుల నోటీసు చాలు. నోటీసుకు నోటీసు వస్తే ఏం చేస్తారో ఇప్పుడే అనుకోండి. రిజిస్టర్డ్ పోస్టులో, ఫోటోలతో, మేస్త్రి అంచనాతో పంపండి. ఒక్కరు కాదు, పన్నెండు వాటాలూ.

పాత ట్రెజరర్:
దానికి నాకూ అభ్యంతరం లేదు. తలా మూడొందలు పెంచుకుంటామని మీరే రాయండి, కమిటీ నోరు మూతపడుతుంది.

మూడో వాటా:
పెంచుకుంటాం. రశీదు మీద "మరమ్మతుల నిధి" అని వేరే వరసలో రాస్తేనే. లేకపోతే అదీ పాలరాయికే పోతుంది.

నిన్న రాత్రికి పదకొండు సంతకాలయ్యాయి. ఎనిమిదో వాటా మామ్మగారు మాత్రం కాగితం రెండుసార్లు చదివించుకుని వెనక్కిచ్చారు. "నన్ను పొమ్మంటే ఎక్కడికి పోను నాయనా" అన్నారు. ఆవిడ వంటింట్లో మాకంటే పెద్ద పెచ్చు వేలాడుతోంది. పొయ్యి వరండాలోకి జరిపిచ్చి వచ్చాను.