కావెండిష్ అరటి, కావెండిష్ ప్రయోగం, కావెండిష్ ల్యాబ్... వీళ్ళంతా ఒకే ఇంటివాళ్ళా?

జీనైన్_తోట అడుగుతున్నారు:

మాది కడప వైపు. ఈ ఏడాది జీ నైన్ అరటి వేశాం. టిష్యూ కల్చర్ మొక్కలతో పాటు ఇచ్చిన కాగితంలో "కావెండిష్ గ్రూపు" అని ఉంది. మా తమ్ముడు ఇంటర్ ఫస్టియర్, వాడి ఫిజిక్స్ పుస్తకంలో గురుత్వాకర్షణ దగ్గర కావెండిష్ ప్రయోగం అని ఉంది. డీఎన్ఏ నిర్మాణం తేల్చింది కావెండిష్ ల్యాబ్‌లోనట, సైకిల్ రేసుల్లో కూడా ఒక కావెండిష్ ఉన్నాడు. ఇంగ్లండ్‌లో ఇది వీధికొకరికి ఉండే ఇంటిపేరా, లేక ఒక్క కుటుంబమేనా? అరటి కనిపెట్టినాయనా, ఆ ప్రయోగం చేసినాయనా ఒక్కరేనా? తమ్ముడు ఒక్కరే అంటాడు, నాకు నమ్మకం లేదు.

పాతకాగితం:

ఒక్కరు కాదు, కానీ సైకిల్ ఆయన్ని పక్కన పెడితే మీరు చెప్పినవన్నీ ఒకే వంశానివి. అసలు ఇది ఊరి పేరు. తూర్పు ఇంగ్లండ్‌లో సఫోక్ జిల్లాలో స్టౌర్ నది పక్కన కావెండిష్ అనే పల్లె ఇప్పటికీ ఉంది. మన ఇంటిపేర్లు చాలావరకు ఊళ్ళ నుంచే వచ్చాయి కదా, అక్కడా అంతే. ఆ ఊరి సర్ జాన్ కావెండిష్ రాజుగారి కోర్టులో ప్రధాన న్యాయమూర్తి. 1381లో రైతులు పన్నుల మీద తిరగబడ్డప్పుడు ఆయన్ని పట్టుకుని తల నరికేశారు.

దశ తిరిగింది మాత్రం పెళ్ళి వల్ల. 1547లో విలియం కావెండిష్ అనే ఆయన బెస్ ఆఫ్ హార్డ్‌విక్‌ని చేసుకున్నాడు. ఆవిడకి అది రెండో పెళ్ళి, మొత్తం నాలుగు చేసుకుంది, మహా గట్టి మనిషి. ఆవిడ మాట మీదే మొగుడు ఆవిడ పుట్టింటి వైపు డెర్బీషైర్‌లో భూములు కొన్నాడు. 1549లో అలా కొన్నదే చాట్స్‌వర్త్. అందుకే విచిత్రంగా వీళ్ళ బిరుదు డెవన్‌షైర్ డ్యూకు, కోటంత ఇల్లు మాత్రం డెర్బీషైర్‌లో.

అరటి సంగతి. దాన్ని ఎవరూ కనిపెట్టలేదు, అది చైనా వైపు నుంచి మారిషస్‌కి, అక్కడి నుంచి ఇంగ్లండ్‌కి వచ్చిన మొక్క. చాట్స్‌వర్త్‌లో తోటపని చూసే జోసెఫ్ పాక్స్‌టన్ దాన్ని సంపాదించి అద్దాల ఇంట్లో వేడి పెట్టి పెంచాడు, 1835 నవంబరులో పువ్వు వేసింది. ఆ చలిదేశంలో అరటి గెల వేయడం అంటే మాటలా! కష్టం పాక్స్‌టన్‌ది, పేరు మాత్రం యజమాని ఆరో డ్యూకు విలియం కావెండిష్‌ది, "మూసా కావెండిషీ" అని. 1851లో లండన్‌లో క్రిస్టల్ ప్యాలెస్ నమూనా గీసింది కూడా ఈ పాక్స్‌టనే. నన్నడిగితే దాన్ని పాక్స్‌టన్ అరటి అనాలి.

ల్యాబ్_మాస్టారు:

పేరు తన చేత్తో సంపాదించుకున్నవాడు ఆ ఇంట్లో ఒకడున్నాడు, మీ తమ్ముడి పుస్తకంలో ఉన్న హెన్రీ కావెండిష్ (1731-1810). రెండో డ్యూకు మనవడు. అంటే అరటి డ్యూకుకి ముందటి తరాల మనిషి. డబ్బుకి కొదవలేదు, కానీ మనుషులంటే విపరీతమైన మొహమాటం. ఇంట్లో పనిమనిషికి భోజనం సంగతి కూడా చీటీ మీద రాసి పెట్టేవాడట.

ఆ ప్రయోగం 1797-98లో, ఆయనకి అరవై దాటాక చేశాడు. సన్నటి తీగకి ఒక అడ్డకర్ర వేలాడదీసి, రెండు చివర్లా ఒక్కొక్కటి ముప్పావు కిలో ఉండే చిన్న సీసపు గుండ్లు. వాటి పక్కకి ఒక్కొక్కటి 158 కిలోల పెద్ద గుండ్లు జరిపితే, చిన్నవి ఆకర్షణకి పిసరంత పక్కకి తిరుగుతాయి. అది ఎంత తక్కువ కదలికంటే, మనిషి గదిలో ఉంటే ఒంటి వేడికి గాలి కదిలి లెక్క పాడవుతుంది. అందుకని గది మూసేసి, బయటి నుంచి తాళ్ళతో గుండ్లు జరుపుతూ, గోడలో పెట్టిన దుర్భిణి లోంచి చూసేవాడు. పరికరం ఆలోచన జాన్ మిచెల్‌ది, ఆయన పోయాక అది హెన్రీ చేతికొచ్చింది.

తమ్ముడికి ఒక్క మాట చెప్పండి. పుస్తకాల్లో "కావెండిష్ జీ (గురుత్వ స్థిరాంకం) విలువ కనుక్కున్నాడు" అని రాస్తారు గానీ ఆయన వెతికింది భూమి సాంద్రత. నీటికి 5.48 రెట్లు అని తేల్చాడు, ఇప్పటి లెక్క 5.51. రెండు వందల ఏళ్ళ కిందట, ఒక మూసిన గదిలో! జీ విలువ ఆ లెక్కలోంచి తర్వాతి వాళ్ళు తీసింది. ఎగ్జామ్‌లో మాత్రం పుస్తకంలో ఉన్నదే రాయమనండి, మార్కులు పోతాయి.

జీనైన్_తోట:

థాంక్స్ మాస్టారూ. మరి ల్యాబ్ హెన్రీ గారు పెట్టిందేనా?

పాతకాగితం:

కాదండీ, హెన్రీ పోయాక అరవై ఏళ్ళు దాటాక వచ్చింది, కానీ సంబంధం ఉంది, అది భలే ఉంటుంది. హెన్రీ పెళ్ళి చేసుకోలేదు. ఆస్తిలో ఎక్కువ భాగం బంధువు లార్డ్ జార్జ్ కావెండిష్‌కి పోయింది. ఇటు అరటి డ్యూకు కూడా బ్రహ్మచారే, వారసులు లేరు, కాబట్టి ఆయన పోగానే బిరుదు జార్జ్ మనవడికి దక్కింది. ఆయనే ఏడో డ్యూకు. ఈయన వట్టి జమీందారు కాదు, కేంబ్రిడ్జ్‌లో లెక్కల్లో సెకండ్ ర్యాంకు, తర్వాత ఆ యూనివర్సిటీకే చాన్సలర్. ఫిజిక్స్ ల్యాబ్‌కి భవనం, సామాను కలిపి 6,300 పౌండ్లు అవుతుందని కమిటీ తేలిస్తే నేనిస్తానన్నాడు. 1874లో ల్యాబ్ తెరిచారు. మొదటి ప్రొఫెసర్ మాక్స్‌వెల్, హెన్రీ అచ్చు వేయకుండా వదిలేసిన కరెంటు ప్రయోగాల కాగితాలు ఏళ్ళ తరబడి సరిచేసి 1879లో పుస్తకంగా తెచ్చింది ఆయనే. ఎలక్ట్రాన్ (1897), న్యూట్రాన్ (1932), డీఎన్ఏ (1953) అన్నీ ఆ ల్యాబ్ పేరు మీదే.

సీడెడ్_జిల్లా:

మీకు దగ్గర చుట్టరికం ఒకటి చెప్తాను. సతి నిషేధించిన గవర్నర్ జనరల్ విలియం బెంటింక్ అసలు ఇంటిపేరు కావెండిష్-బెంటింక్. తల్లి డొరొతీ, నాలుగో డ్యూకు కూతురు. ఈయన 1803 నుంచి 1807 దాకా మద్రాసు గవర్నరు, అంటే నిజాం 1800లో వదిలేసిన కడప, అనంతపురం, బళ్ళారి సీమ అంతా ఆయన కిందే. కింద కలెక్టరు థామస్ మన్రో. 1806లో వేలూరు సిపాయిలు తిరగబడ్డాక ఈస్టిండియా కంపెనీ ఈయన్ని వెనక్కి పిలిచేసింది.

అరటి డ్యూకు ఈయనకి మేనమామ కొడుకు, వయసులో చిన్నవాడు. మన లెక్కలో బావమరిది. బావ ఏలిన సీమలో ఇప్పుడు బావమరిది పేరున్న అరటి ఎకరాలకొద్దీ పండుతోంది, తాడిపత్రి నుంచి రైలెక్కి ఎగుమతికి కూడా పోతోంది.

అట్లాంటా_రాజు:

అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రంలో కావెండిష్ అనే చిన్న ఊరుంది, ఈ డ్యూకుల పేరే. సైకాలజీ చదివిన వాళ్ళకి తెలుస్తుంది. 1848లో అక్కడ రైలు దారి కోసం బండలు పేలుస్తుంటే ఫినియస్ గేజ్ అనే మేస్త్రీకి మీటరు పైన పొడవున్న ఇనుప కడ్డీ ఎడమ చెంప కింద దూరి నడినెత్తి లోంచి బయటికి పోయింది. మనిషి బతికాడు, ఇంకో పదకొండేళ్ళు పైనే. లండన్‌లో కావెండిష్ స్క్వేర్ ఉంది చూశారూ, అది హెన్రియెటా కావెండిష్ అనే ఆవిడ పేరు. మొగుడి ఇంటిపేరు హార్లీ, డాక్టర్లుండే హార్లీ స్ట్రీట్ ఆయనదే.

సైకిల్ ఆయన మార్క్ కావెండిష్, ఐల్ ఆఫ్ మ్యాన్ వాడు. టూర్ డి ఫ్రాన్స్‌లో 35 స్టేజీలు గెలిచి 2024లో పాత చాంపియన్ ఎడ్డీ మెర్క్స్ రికార్డు కొట్టాడు. దానికి ఏ డ్యూకూ డబ్బులివ్వలేదు.

అరటి_రైతు:

చరిత్ర బాగుంది గానీ, తోట వేసిన తమ్ముడికి ఇది ముఖ్యం. మనం పొట్టి పచ్చ అరటి అనేది, పెద్ద పచ్చ అరటి అనేది, జీ నైన్, మూడూ కావెండిష్‌లే. గింజ ఉండదు, పిలకల నుంచో ల్యాబ్ మొక్కల నుంచో వస్తాయి, అందుకే అన్నీ దాదాపు ఒకే అచ్చు. ఒకదానికి తగిలే రోగం అన్నిటికీ తగులుతుంది. వెనక ప్రపంచమంతా తిన్నది గ్రోస్ మిషెల్ అనే రకం, 1950ల్లో పనామా తెగులు దాన్ని తుడిచిపెట్టాకే కావెండిష్‌కి గిరాకీ వచ్చింది. ఇప్పుడు అదే తెగులు కొత్త రూపం, టీఆర్4 అంటారు, కావెండిష్‌నీ పట్టుకుంటోంది. 2019లో కొలంబియాలో బయటపడింది, మన దేశంలో బీహార్, ఉత్తరప్రదేశ్‌లో చూశారు. మందు కొడితే పోయేది కాదు, భూమిలో ఏళ్ళ తరబడి ఉండిపోతుంది.

కింది ఆకులు అంచుల నుంచి పసుపుబారి కాడ దగ్గర విరిగి చెట్టు చుట్టూ వేలాడుతుంటే, కాండం కోసి చూడండి. లోపల ఎర్ర గోధుమ రంగు చారలు కనిపిస్తే వెంటనే వ్యవసాయ శాఖ వాళ్ళకి చెప్పండి. బయటి ఊళ్ళ నుంచి పిలకలు తెచ్చుకోవద్దు, వేరే అరటి తోటలో దున్నిన ట్రాక్టర్ వస్తే చక్రాలకున్న మట్టి కడిగించాకే లోపలికి రానివ్వండి.