పదేళ్ల పిల్లవాడికి అంత ద్వేషం ఎక్కడిది? నాజీ జర్మనీ పాఠం చెబుతుంటే వచ్చిన ప్రశ్న

ప్రశ్న (సోషల్ ఉపాధ్యాయుడు):
తొమ్మిదో తరగతికి నాజీయిజం పాఠం చెబుతున్నాను. నాజీ పార్టీ బాలల సంఘాల్లో 10 ఏళ్లకు యుంగ్‌ఫోక్, 14 ఏళ్లకు హిట్లర్ యూత్ అన్న వరుస చదివించగానే ఒక అమ్మాయి లేచి, "పదేళ్లవాడికి ఏం తెలుసని సార్, అంత ద్వేషం?" అని అడిగింది. జర్మన్ యువతంతా హిట్లర్ యూత్‌లోనే ఉండాలన్న 1936 నాటి చట్టం గురించీ, 1939 మార్చిలో సభ్యత్వాన్ని తప్పనిసరి చేయడం గురించీ చెప్పాను గానీ, అది నాకే జవాబులా అనిపించలేదు. చట్టం పిల్లలను వరుసలో నిలబెట్టగలదు. యుద్ధం ముగిసే 1945లో ఆ పిల్లలు శత్రు ట్యాంకులకు ఎదురువెళ్లేంత నమ్మకాన్ని ఎలా పుట్టించగలిగింది?

మొదటి సమాధానం:
మాస్టారూ, ద్వేషం కంటే ముందు వాళ్ల చేతికి వచ్చింది కత్తి. కొత్తగా చేరిన పిల్లవాడు 60 మీటర్లు 12 సెకన్లలో పరుగెత్తడం వంటి పరీక్షలు నెగ్గితే, నడుముకు కట్టుకునే కత్తి పెట్టుకునే అర్హత దక్కేది. పెన్సిల్ చెక్కుకోవడానికి బ్లేడు ఇవ్వాలన్నా అమ్మ వెనకాడే వయసులో, ఎవరో పిలిచి "నువ్వు పెద్దవాడివయ్యావు" అన్నారన్నమాట. పైగా ఆ దళానికి నాయకుడు నాలుగైదేళ్లు పెద్దవాడైన మరో కుర్రాడే. "యువతను యువతే నడపాలి" అన్నది వారి నినాదం. ఇంట్లో నాన్న మాటకూ, బడిలో పంతులు మాటకూ విలువ తగ్గిపోయింది అక్కడే. మిగతా యువజన సంఘాలను మూయించడమో కలుపుకోవడమో చేశారు కాబట్టి, ఆడుకోవాలన్నా, ఊరు దాటి గుడారాల్లో పడుకోవాలన్నా వేరే చోటంటూ మిగలలేదు.

రెండో సమాధానం (లెక్కల టీచర్):
నేను పాఠ్యపుస్తకాల వైపు నుంచి చెబుతాను. 1930లలో అక్కడి లెక్కల పుస్తకంలో ఒక ప్రశ్న ఉండేది: ఒక మానసిక చికిత్సాలయం కట్టడానికి 60 లక్షల మార్కులు అవుతాయి, ఒక్కొక్కటి 15,000 మార్కుల చొప్పున ఆ డబ్బుతో ఎన్ని ఇళ్లు కట్టవచ్చు? జవాబు 400. ఆ పుస్తకం ఎవరినీ ద్వేషించమని చెప్పలేదు. ఎవరో చెప్పిన మాటనైతే పిల్లవాడు అనుమానిస్తాడేమో గానీ, తానే భాగించి తెచ్చుకున్న జవాబును ఎలా అనుమానిస్తాడు?

మూడో సమాధానం:
యుద్ధం చేసిన పని వేరుగా చూడాలి. 1940 నుంచి బాంబుదాడుల భయంతో నగరాల పిల్లలను దూరంగా శిబిరాలకు తరలించారు. అక్కడ కూడా బడి బయటి జీవితమంతా హిట్లర్ యూత్ చేతిలోనే ఉండేది. 1943 ఫిబ్రవరి నుంచి 15, 16 ఏళ్ల హైస్కూలు విద్యార్థులను తరగతులకు తరగతులుగా విమాన విధ్వంసక ఫిరంగుల దగ్గరకు పంపారు, పాఠాలు చెప్పడానికి పంతుళ్లే అక్కడికి వెళ్లేవారు. తండ్రి సరిహద్దులో ఉండి, తన వీధి కళ్లముందే తగలబడినప్పుడు, సందేహించడమంటే ఇంటివాళ్లకు ద్రోహం చేయడమే అనిపిస్తుంది. ఎక్కువగా 1926లో పుట్టిన కుర్రాళ్లతో నింపిన 12వ ఎస్ఎస్ డివిజన్ (నాజీ పార్టీ సాయుధ దళంలోని ఒక సేనావిభాగం) 1944 జూన్‌లో ఫ్రాన్స్‌లోని నార్మండీలో కెనడా యుద్ధఖైదీలను చంపింది. నా దృష్టిలో వాళ్లు బాధితులూ, నేరస్థులూ కూడా. ఒకటి చెప్పి రెండోది దాచవద్దు.

నాలుగో సమాధానం:
అందరూ మైనపు ముద్దలేమీ కాదండీ. హాన్స్ షోల్ హిట్లర్ యూత్‌లో దళ నాయకుడిగా ఉండి, తరువాత నాజీలకు వ్యతిరేకంగా కరపత్రాలు పంచి, 1943 ఫిబ్రవరి 22న చెల్లెలు సోఫీతో పాటు మరణశిక్షకు గురయ్యాడు. కొలోన్‌లో ఎడెల్‌వైస్ పైరేట్స్ అనే కార్మికుల పిల్లలు ఆ దళాలతో వీధుల్లో కొట్లాడేవారు. ఆ దళాల బయట వాళ్లకు సొంత స్నేహబృందాలు ఉన్నాయని గమనించండి; మిగతా పిల్లలకు లేకుండా పోయిన వేరే చోటు అదే.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. రేపు ఆ లెక్కను, ఎక్కడిదో చెప్పకుండా, బోర్డు మీద వేద్దామనుకుంటున్నాను.

రెండో సమాధానం ఇచ్చినవారు:
వేయండి. కానీ 400 అని రాగానే ఆపకుండా, ఆ రోగులు ఎక్కడికి వెళ్లారని అడగండి. 1941లో జర్మనీలోని హాడమార్ అనే ఊళ్లో ఉన్న ఆసుపత్రికి అలాంటి మానసిక రోగులను బస్సుల్లో తెచ్చి విషవాయువుతో చంపేవారు. లింబుర్గ్ బిషప్ ఆ ఆగస్టులో ప్రభుత్వానికి రాసిన లేఖలో, ఊరి పిల్లలు ఆ బస్సును గుర్తుపట్టి "అదిగో, చంపే పెట్టె మళ్లీ వస్తోంది" అనుకుంటున్నారనీ, కొట్లాటల్లో "నీకు పిచ్చి, నిన్ను హాడమార్ పొయ్యిలో పెడతారు" అని తిట్టుకుంటున్నారనీ రాశాడు.