ఫ్రెష్‌మన్ (మొదటి ఏడాది) కుర్రాళ్లను ఇంకెప్పుడు ఆడిస్తారు?

కారీ_రవి: నిన్న మా కాలేజీ బాస్కెట్‌బాల్ మ్యాచ్‌లో 22 పాయింట్ల ఆధిక్యం, ఇంకా 8 నిమిషాలుంది. అయినా కోర్టులో సీనియర్లే. ఫ్రెష్‌మన్ గార్డు (బంతి నడిపించే ఆటగాడు) వార్మప్ చొక్కా విప్పి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు, పాపం. ఇంకా 1:40 నిమిషాలు ఉందనగా పిలిచారు. అప్పటికే సగం జనం పార్కింగ్‌కి వెళ్లిపోయారు. మీరు చూసినవి చెప్పండి.

పాత_మేనేజర్: ఎం.ఎస్. చేసేటప్పుడు రెండేళ్లు ఒక జట్టుకి స్టూడెంట్ మేనేజర్‌గా ఉన్నాను అన్నా. బంతులు అందించడం, నేల మీద చెమట తుడవడం, ప్రాక్టీసు వీడియో తీయడం. అక్కడో ఫ్రెష్‌మన్ ఎక్కణ్నుంచి వేసినా బంతి బుట్టలోనే. కానీ స్క్రీన్ (మనవాడి దారికి అవతలి జట్టువాడు అడ్డంగా నిలబడటం) వస్తోందని తోటివాడికి అరిచి చెప్పడు. వీడియో నిండా ఇదే. నోరు విప్పాక గానీ కోచ్ నిమిషాలు పెంచలేదు.

ఇండీ_సాయి: మరి 2015 కాలేజీ బాస్కెట్‌బాల్ ఫైనల్? డ్యూక్ యూనివర్సిటీ 9 పాయింట్లు వెనకబడింది. సీజన్ మొత్తం సగటున 5 పాయింట్లు కూడా లేని ఫ్రెష్‌మన్ గ్రేసన్ అలెన్ బెంచి మీంచి వచ్చి వరసగా 8 కొట్టాడు. విస్కాన్సిన్ మీద 68-63తో గెలిచారు. ఆ 68లో 60 ఫ్రెష్‌మన్లవే!

కారీ_రవి: నేననేదీ అదే బ్రో.

ఫ్రిస్కో_అమ్మ: మా అమ్మాయి డివిజన్ 3లో (కాలేజీ ఆటల్లో మూడో అంచె) ఆడింది. అక్కడ ఆటకి స్కాలర్‌షిప్ ఉండదు, ఫీజంతా మనదే. మొదటి ఏడాది మూడు గంటలు డ్రైవ్ చేసి వెళ్తే నాలుగు నిమిషాలు ఆడించారు. రెండు టర్నోవర్లు (బంతి అవతలి జట్టుకి పోగొట్టడం) కాగానే బయటికి పిలిచేశారు. ఆ తర్వాత బంతి చేతికొస్తే చాలు, బెంచి వైపు చూసేదండి. తప్పు చేశాక ఇంకో రెండు పొజెషన్లు (జట్టు చేతికి బంతి వచ్చే వంతులు) కోర్టులో ఉంచితే ఆ భయం ఉండేది కాదు. నేను కోచ్‌తో మాట్లాడతానంటే "అమ్మా, నువ్వెళ్తే ఆ నాలుగూ పోతాయి" అంది. తనే వెళ్లి ఏం నేర్చుకోవాలో అడిగింది. బాక్సవుట్, అంటే బుట్ట తగిలి వచ్చే బంతి కోసం అవతలివాళ్లని వీపుతో ఆపడం, అన్నారు. జనవరికల్లా 12 నిమిషాలు దాకా వచ్చింది.

పాత_మేనేజర్: మంచి పని చేసింది ఆంటీ. తల్లిదండ్రుల మెయిల్స్ ఎలా ఉంటాయో నేను చూశాను. లెక్క కూడా చూడండి: 40 నిమిషాలు, ఐదుగురు, అంటే మొత్తం 200. ఎనిమిది తొమ్మిది మందికి పంచితే అయిపోతుంది. పైగా నేనున్నప్పటి రూలు ప్రకారం, గాయమైతే తప్ప, ఒక్క నిమిషం ఆడినా కాలేజీకి ఆడగలిగే నాలుగేళ్లలో ఒక ఏడాది ఖర్చయినట్టే. ఆ 1:40 కోసం ఏడాది! అదే నాకు కోపం.

ఇండీ_సాయి: 2021 నుంచి మొదటిసారి కాలేజీ మారితే ఏడాది ఖాళీగా కూర్చోనక్కర్లేదు కదా. సీజన్ అయిపోగానే పోర్టల్‌లో (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ల జాబితా) పేరు పెట్టేస్తున్నారు. ఇప్పుడు టెన్షన్ కోచ్‌లకే.

కారీ_రవి: రికార్డింగ్ మళ్లీ చూశాను. ఆ 1:40లో వాడి వైపు రెండు స్క్రీన్లు వచ్చాయి. రెండుసార్లూ నోరు మెదపలేదు. మేనేజర్ బ్రో, ఆ మాట ఒప్పుకుంటాను. కానీ 22 పాయింట్ల ఆధిక్యంలో కూడా అరవడం నేర్పకపోతే, రెండు పాయింట్ల తేడా ఉన్నప్పుడు నేర్పుతారా?