పాత సెయిల్‌బోట్‌లో ట్రావెలర్ పట్టేస్తోంది: బాల్స్ మార్చాలా, ట్రాక్ మొత్తం మార్చాలా?

పాత_పడవ
అందరికీ నమస్కారం. మాది 24 అడుగుల ఫైబర్ బోటు, 1980లలో కట్టినది. రెండేళ్ల క్రితం సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. ట్రావెలర్ అంటే డెక్ మీద అడ్డంగా ఉండే ట్రాక్, దాని మీద బాల్స్‌తో పక్కకి జరిగే కార్. పెద్ద తెరచాపని లాగి పట్టే తాడు, అంటే మెయిన్‌షీట్, ఈ కార్‌కే ఉంటుంది. గాలి తక్కువగా ఉన్నప్పుడు ఈ కార్ కరకరమంటూ ఎలాగో జరుగుతుంది. మధ్యాహ్నం సముద్రపు గాలి లేచి మెయిన్‌షీట్ బిగిసిందంటే ఇక కదలదు. పోయిన ఆదివారం మన విశాఖ డాల్ఫిన్స్ నోస్ కొండ దాటి వెనక్కి వస్తుంటే గట్టి విసురు తగిలింది. కార్‌ని గాలివాటుకి వదులుదామని తాడుని బిగించి పట్టే క్లీట్ లోంచి కార్ తాడు తీశాను. కార్ అక్కడే ఉండిపోయింది, బోటు బాగా ఒరిగిపోయింది. మా అబ్బాయి కాలితో తన్నితే అప్పుడు ఒక్కసారిగా జారి చివరి స్టాప్‌కి కొట్టుకుంది. వాడి వేళ్లు అక్కడే ఉంటే ఏమయ్యేదో అని అప్పటి నుంచి టెన్షన్‌గానే ఉంది.

కార్ కింద నుంచి రెండు తెల్లటి ప్లాస్టిక్ బాల్స్ రాలి పడ్డాయి. ట్రాక్ మీద నల్ల పూత పోయి పొడవునా తెల్ల గీత కనిపిస్తోంది. కొత్త సెట్ అంటే బయటి దేశం నుంచి తెప్పించాలి. ఈ పని చేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

రేవు_గాలి
మాస్టారూ, ముందు ఏమీ కొనకండి. శుభ్రంగా కడగండి. హార్బర్ వైపు నిలిపిన బోట్ల మీద పోర్టు బొగ్గు పొడి, ఇనుప ఖనిజం ధూళి ఎంత పడుతుందో మీకు తెలుసు. వన్‌టౌన్‌లో మేడ మీద ఆరేసిన బట్టలకే పట్టేస్తుంది. అది ఉప్పుతో కలిసి కార్ లోపల బాల్స్ తిరిగే దారిలో ముద్దలా గట్టిపడుతుంది. పైగా ఆ ధూళి ఉప్పుకాగితంలా పనిచేసి బాల్స్‌ని, ట్రాక్ పూతని రెండింటినీ అరగదీస్తుంది.

నేను చేసేది ఇంతే. మెయిన్‌షీట్ వదులు చేసి, బకెట్ మంచినీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ కొంచెం కలిపి, కార్‌ని ఈ చివర నుంచి ఆ చివరికి నడిపిస్తూ పోస్తాను. తర్వాత పైపుతో మంచినీళ్లు. మొదటిసారి చేసినప్పుడు కాటుక లాంటి నీళ్లు వచ్చాయి. తేట నీళ్లు వచ్చేదాకా ఆపలేదు. నా కార్‌లో సగం బిగుతు దాంతోనే పోయింది.

భీమిలి_డింగీ
కడిగాక గ్రీజు మాత్రం పెట్టకండి. నేను పెట్టాను. వారం రోజులు వెన్నలా నడిచింది. నెల తిరిగేసరికి ఇసుక, బొగ్గు పొడి అన్నీ గ్రీజుకి అంటుకుని మొదటికంటే ఘోరంగా పట్టేసింది. కిరోసిన్ పోసి బ్రష్‌తో తోమి, సబ్బునీళ్లతో కడిగేసరికి ఒక ఆదివారం మొత్తం పోయింది. ఈ బాల్స్ గ్రీజు లేకుండా, నూనె లేకుండానే తిరగాలి. తప్పదనుకుంటే ఆరిపోయే రకం డ్రై స్ప్రే కొట్టండి.

గాజువాక_లేత్
నాకు బోటు లేదు. కానీ హార్బర్ బోట్ల లేత్ పని చాలా ఏళ్లుగా చేస్తున్నాను, ఇలాంటి కార్లు నాలుగైదు నా బల్ల మీదికి వచ్చాయి.

కార్‌ని ట్రాక్ మీద నుంచి ఊరికే లాగేయకండి. బాల్స్ అన్నీ డెక్ మీద దొర్లి సముద్రంలోకి పోతాయి. ట్రాక్ ఆకారానికే ఒక చెక్క ముక్క చెక్కించుకుని, ట్రాక్ చివరకి ఆనించి, కార్‌ని దాని మీదికి జరపండి. కింద పళ్లెం, పాత దుప్పటి పెట్టుకోండి. ఒక్కో వరుసలో ఎన్ని బాల్స్ ఉన్నాయో రాసుకోండి.

తర్వాత ఒక్కో బాల్‌ని వెర్నియర్‌తో మూడు వైపుల నుంచి కొలవండి. మూడు కొలతలు కలవకపోతే అది గుండ్రం తప్పిందన్నమాట. తెల్లవి అంటున్నారు కాబట్టి బహుశా డెల్రిన్ అనే గట్టి ప్లాస్టిక్. గోధుమ రంగులో ఉండేవి టోర్లాన్ అనే ఇంకో ప్లాస్టిక్, అవి ఎక్కువ బరువు తట్టుకుంటాయి, ధర కూడా ఎక్కువే. మీ కార్‌కి ఆ సైజులో టోర్లాన్ దొరికితే అవే వేయండి. రాలిన రెండింటి బదులు రెండు వేసి ఊరుకోకండి. కొత్తవి కొంచెం పెద్దగా ఉంటాయి, బరువంతా వాటి మీదే పడుతుంది. మొత్తం సెట్ మార్చాలి.

సైకిల్ షాపు స్టీలు బాల్స్ వేద్దామని ఒకాయన వచ్చాడు. వద్దని చెప్పాను, వినలేదు. అవి తుప్పు పట్టడమే కాదు, మెత్తటి అల్యూమినియం ట్రాక్‌లో గాడి కోసేశాయి. బాల్స్‌తో పోయే ఖర్చు ట్రాక్ దాకా వచ్చింది.

పాత_పడవ
గాజువాక గారూ, చాలా థాంక్స్. కార్ మొత్తం మీరే ప్లాస్టిక్‌లో చేసి ఇవ్వగలరా? బాల్స్ లేకుండా జారే ముక్కలాగా?

గాజువాక_లేత్
చేయొచ్చు. నైలాన్ మాత్రం వద్దు, నీళ్లు పీల్చి ఉబ్బుతుంది. షాపులో వదులుగా సరిపోయిన ముక్క నీళ్లలో పది రోజులుంటే ట్రాక్‌ని పట్టేస్తుంది. డెల్రిన్ అంతగా ఉబ్బదు. ఎండకి నల్ల డెల్రిన్ తెల్లదానికంటే ఆగుతుంది. అయితే ఒక్క మాట. జారే ముక్క ఎంత నున్నగా చేసినా బరువు మీద బాల్స్ ఉన్న కార్ అంత తేలిగ్గా నడవదు. చిన్న డింగీకి సరే. మీ 24 అడుగుల బోటుకి, ఆ ఆదివారం సంగతి విన్నాక, నేను చేసి ఇవ్వను.

కొత్తగా_నేర్చుకుంటున్నా
చిన్న ప్రశ్న. కార్ కదలకపోతే మెయిన్‌షీట్ వదిలేస్తే సరిపోదా?

రేవు_గాలి
సరిపోతుంది, బోటు లేస్తుంది కూడా. కానీ షీట్ వదిలితే బూమ్, అంటే తెరచాప అడుగున ఉండే అడ్డ కర్ర, పక్కకి పోవడంతో పాటు పైకి కూడా లేస్తుంది. తెరచాప పైభాగం మెలి తిరిగి పటపటలాడుతుంది, బోటు ముందుకి లాగదు. కార్‌ని జరిపితే బూమ్ ఎత్తు మారకుండా పక్కకి మాత్రమే పోతుంది, తెరచాప ఆకారం చెడదు. గాలి వేగం రెట్టింపైతే తెరచాప మీద ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. అరిగిన కార్ మెల్లటి గాలిలో నడిచి, గట్టి గాలిలో పట్టేయడానికి కారణం అదే. అవసరమైన వేళకే మొరాయిస్తుంది.

ఈశాన్య_గాలి
అందరూ కార్ గురించే మాట్లాడుతున్నారు. నేను రెండు సంగతులు చెప్తాను, దయచేసి తేలిగ్గా తీసుకోకండి.

మొదటిది ఎండ్‌స్టాప్‌లు. మా బోటులో అనుకోకుండా జైబ్ అయినప్పుడు, అంటే వెనక గాలికి తెరచాప ఒక్కసారిగా అవతలి వైపుకి తిరిగినప్పుడు, కార్ ట్రాక్ మొత్తం ఉరికి స్టాప్‌ని ఊడగొట్టుకుని బయటికి వచ్చేసింది. మెయిన్‌షీట్ బ్లాకు (కప్పీ), దాంతో పాటు కార్ గాలిలో ఊగుతూ నా చెవి పక్క నుంచి పోయాయి. స్టాప్ ప్లాస్టిక్ ఎండకి పెళుసుబారిందని ముందే చూసుకోలేదు. మీ కార్ ఇప్పటికే స్టాప్‌కి ఒకసారి గట్టిగా కొట్టుకుంది కాబట్టి ఆ స్టాప్‌లు రెండూ మార్చేయండి. పగులు కనిపించకపోయినా సరే.

రెండోది బోల్టులు, వాటి కింద డెక్. స్టెయిన్‌లెస్ బోల్టు అల్యూమినియం ట్రాక్‌ని తాకి ఉప్పునీళ్లు తగిలితే అల్యూమినియం కొద్దికొద్దిగా తినుకుపోతుంది. బోల్టు తల చుట్టూ తెల్ల పొడి కనిపిస్తే అదే. ఆ బోల్టులు తిప్పితే రావు. రాత్రంతా పెనెట్రేటింగ్ ఆయిల్ వేసి ఉంచి, పొద్దున ఇంపాక్ట్ డ్రైవర్‌తో కొట్టండి. హీట్ గన్ వాడితే కొద్దికొద్దిగా వేడి చేయండి, ఎక్కువైతే ఫైబర్ మెత్తబడుతుంది. కొత్తవి తలమీద ఏ4 అని ఉన్నవే కొనండి, అంటే 316 రకం స్టెయిన్‌లెస్. అయస్కాంతం పెట్టి చూస్తే 304కీ 316కీ తేడా తెలియదు. బిగించేటప్పుడు రెండు లోహాలూ నేరుగా తాకకుండా మరకి జింక్ క్రోమేట్ పేస్టు గానీ టెఫ్‌జెల్ గానీ రాయండి.

బోల్టు తీసిన రంధ్రంలోంచి గోధుమ రంగు నీళ్లు వస్తే మాత్రం ట్రాక్ సంగతి పక్కనపెట్టండి. డెక్‌లో ఫైబర్ పొరల మధ్య ఉండే చెక్క కుళ్లుతోందన్నమాట. స్క్రూడ్రైవర్ పిడితో చుట్టూ కొట్టుకుంటూ పోండి. టకటకమంటే మంచిది, బొదబొదమంటే తడి.

పాత_పడవ
మూడు వారాలకి మళ్లీ వస్తున్నాను. మీరు చెప్పినవన్నీ చేశాను.

బాల్స్ కొలిచాను, సగానికి పైగా గుండ్రం తప్పాయి. కార్ లోపలి గాడి బాగానే ఉంది. ట్రాక్ మీద గోరు పెట్టి గీస్తే తెల్ల గీత దగ్గర గాడి తగల్లేదు, పూత మాత్రమే పోయింది. కాబట్టి ట్రాక్ ఉంచుతున్నాను. టోర్లాన్ బాల్స్, ఎండ్‌స్టాప్‌లు మాత్రమే తెప్పించాను.

ఈశాన్య గారు చెప్పకపోతే నేను బోల్టులు విప్పేవాణ్ణే కాదు. పదకొండు బోల్టుల్లో నాలుగింటి కింద నుంచి టీ డికాషన్ లాంటి నీళ్లు కారాయి. అక్కడ ట్రాక్ ఒక్క మిల్లీమీటరు కుంగి ఉంది. వంగిన ట్రాక్ మీద కార్ పట్టేయడానికి సగం కారణం ఇదేనని ఇప్పుడు అర్థమైంది. తిన్నటి బద్ద ఆనించి చూస్తే గానీ కంటికి ఆనలేదు.

ఈశాన్య_గాలి
నాలుగేనా, అదృష్టవంతులు. బాగా ఆరనివ్వండి, తొందరపడకండి. వర్షాలు లేని రోజులు చూసుకుని పైన టార్పాలిన్ కట్టండి. ఆరాక 6 ఎంఎం రంధ్రాన్ని 12కి పెద్దది చేసి, మెత్తబడిన చెక్క గీకేసి, ఎపాక్సీలో సిలికా పొడి కలిపి నింపి, గట్టిపడ్డాక మళ్లీ 6 ఎంఎం వేయండి. అప్పుడు నీళ్లు చెక్క దాకా పోవు. మన ఎండకి ఎపాక్సీ కప్పులోనే మరిగిపోతుంది, తెల్లవారుజామునే కొంచెం కొంచెంగా కలపండి. రంధ్రం మూతిని కొంచెం ఏటవాలుగా కోసి, నీళ్లు దిగకుండా బంకలాంటి బ్యూటైల్ టేపుని బోల్టు తల కింద చుట్టండి. బోల్టుని కదలనివ్వకుండా కింద నట్టు మాత్రం తిప్పండి. కింద చిన్న వాషర్లు కాకుండా ఫైబర్ పలక పెట్టండి.

భీమిలి_డింగీ
ఇంకో మాట. ఎప్పుడైనా ట్రాక్ మార్చాల్సి వస్తే బోల్టు నుంచి బోల్టుకి దూరం కొలిచాకే ఆర్డర్ ఇవ్వండి. పాత అమెరికన్ కొలత 4 అంగుళాలు, అంటే 101.6 ఎంఎం. ఇప్పుడు వచ్చేవి ఎక్కువగా 100 ఎంఎం. మొదటి రంధ్రం కలిసినా పది ఖాళీలు దాటేసరికి 16 ఎంఎం తేడా వస్తుంది.

పాత_పడవ
ఇప్పుడే కొలిచాను. మొదటి బోల్టు నుంచి పదకొండో బోల్టుకి 1016. నాది పాత కొలతే. నోటుబుక్కులో రాసిపెట్టాను. నాలుగు రంధ్రాలూ టార్పాలిన్ కింద ఆరుతున్నాయి, మా అబ్బాయి రోజూ సాయంత్రం వెళ్లి దూది పెట్టి తడి చూసి వస్తున్నాడు.