కారు నావిగేషన్‌లో స్పీడ్ కెమెరా హెచ్చరికలు ఎలా పెట్టుకోవాలి? (తిరుపతి, చిత్తూరు, చెన్నై రోడ్లు)

కొర్లగుంట, తిరుపతి:
అందరికీ నమస్కారం. ఈమధ్య పాత కారు ఒకటి తీసుకున్నాను. ముందు ఓనరు వేయించిన టచ్ స్క్రీన్ సెట్ ఉంది, అందులో ఐగో (iGO) అనే దారి చూపే మ్యాప్ ప్రోగ్రామ్. దారి బాగానే చెబుతుంది గానీ స్పీడ్ కెమెరా దగ్గర నోరు మెదపదు. పని మీద తరచూ చెన్నైకి, అప్పుడప్పుడు బెంగళూరుకు పోవాలి. మొన్న పుత్తూరు దాటాక స్పీడుకు చలాన్ పడింది. ఆ సంగతి పాత ఓనరు ఫోన్ చేసి చెబితే గానీ తెలియలేదు. సెట్‌లోనే హెచ్చరికలు వచ్చేలా చేయొచ్చా? లేక ఫోన్ పెట్టుకోవడమే మేలా? తిరుమల ఘాట్ రోడ్డులో కూడా పనిచేస్తుందా? ఇలా పెట్టుకోవడం తప్పేమీ కాదు కదా?

రేణిగుంట, ట్యాక్సీ:
అన్నా, సెట్ సంగతి తర్వాత చూద్దాం, రేపు పొద్దున బండి తీయాలంటే ఫోన్ చాలు. గూగుల్ మ్యాప్స్‌లో మీ ఫొటో గుర్తు నొక్కి సెట్టింగ్స్, అందులో నావిగేషన్‌లోకి పోండి. స్పీడోమీటర్, స్పీడ్ లిమిట్ అని కనిపిస్తాయి, రెండూ ఆన్ చేయండి. కెమెరా గుర్తులు దారి పెట్టి స్టార్ట్ కొడితే వాటంతట అవే వస్తాయి. తెలిసిన రోడ్డే కదా అని ఊరికే మ్యాప్ తెరిచి పెట్టుకుంటే దాన్ని నమ్ముకోవద్దు. పాటలు వింటూ మ్యాప్ గొంతు నొక్కేసే అలవాటుంటే పూర్తిగా మ్యూట్ చేయకండి, స్పీకర్ గుర్తులో 'అలర్ట్స్ ఓన్లీ' అని ఉంటుంది, అది పెట్టండి.

రోజూ తిరిగే రోడ్డు అయితే నాకు వేజ్ (Waze) అనే మ్యాప్ యాప్ నచ్చుతుంది. ఎక్కడికి పోతున్నామో చెప్పకపోయినా కెమెరా వస్తే అరుస్తుంది. ఒకటి మాత్రం గుర్తుపెట్టుకోండి. చెట్టు కింద బండి ఆపుకుని లేజర్ గన్ పట్టుకునే పోలీసులు ఏ మ్యాప్‌లోనూ ముందుగా ఉండరు. మనకంటే ముందు పోయినవాడు రిపోర్ట్ కొడితేనే తెలుస్తుంది. మీరూ పక్క సీట్లో వాళ్లతో కొట్టించండి, నడుపుతూ మీరు కొట్టకండి.

చిత్తూరు, కారు సెట్ల పని:
సెట్ గురించి నేను చెబుతాను. ముందు అది ఏ రకమో చూసుకోండి. ప్లే స్టోర్ ఉంటే అది ఆండ్రాయిడ్ సెట్, ఫోన్ హాట్‌స్పాట్ ఇచ్చి పైన అన్న చెప్పిన యాప్‌లే అందులో వేసుకోవచ్చు, ఐగోతో పని లేదు. ప్లే స్టోర్ లేకుండా మెమరీ కార్డు మీద మ్యాప్ నడుస్తుంటే అది పాత విండోస్ రకం. దానికి కెమెరాల ఫైల్ మనమే ఇవ్వాలి.

కార్డు తీసి కంప్యూటర్‌లో పెట్టి, మొత్తం ఒక కాపీ దాచుకోండి. ఈ పని వదిలేసి తర్వాత మ్యాప్ పోయిందని షాపుకు వచ్చేవాళ్లే ఎక్కువ. కాపీ అయ్యాక ఐగో ఫోల్డర్‌లో కంటెంట్, దాని లోపల స్పీడ్‌క్యామ్ (speedcam) అనే ఫోల్డర్ ఉంటుంది, లేకపోతే చేయండి. అందులో నోట్‌ప్యాడ్‌తో చేసిన టెక్స్ట్ ఫైల్ ఒకటి పెట్టాలి. ఫైల్ పేరు కూడా స్పీడ్‌క్యామ్ అనే ఉండాలి, ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా.

ఫైల్‌లో మొదటి వరుస శీర్షిక: ఎక్స్, వై, టైప్, స్పీడ్, డిర్‌టైప్, డైరెక్షన్ (X,Y,TYPE,SPEED,DIRTYPE,DIRECTION). ఈ మాటలు ఇంగ్లిష్‌లోనే కొట్టాలి. కింద ఒక్కో కెమెరాకు ఒక్కో వరుస, మధ్యలో కామాలు. ఇలా ఉంటుంది (ఇది నమూనా మాత్రమే, అక్కడ కెమెరా ఉందని కాదు):

79.4192,13.6288,1,60,1,90

ఎక్స్ అంటే రేఖాంశం, వై అంటే అక్షాంశం. గూగుల్ మ్యాప్‌లో ఒక చోటును నొక్కి పట్టుకుంటే ముందు అక్షాంశం చూపిస్తుంది, దాన్ని అలాగే కాపీ కొట్టేస్తారు. మన వైపు ముందు 79 దరిదాపుల్లో, తర్వాత 13 దరిదాపుల్లో అంకె రావాలి. తారుమారైతే మీ పుత్తూరు కెమెరా నార్వేకు పైన మంచు దీవుల్లో తేలుతుంది! టైప్‌లో 1 అంటే స్థిరంగా ఉండే స్పీడ్ కెమెరా, 2 అంటే సిగ్నల్, స్పీడ్ రెండూ చూసేది, 3 సిగ్నల్ కెమెరా, 4 రెండు చోట్ల మధ్య సగటు వేగం చూసేది, 5 మొబైల్ కెమెరా. డిర్‌టైప్ 0 పెడితే ఏ వైపు నుంచి వచ్చినా చెబుతుంది, 1 పెడితే ఒక్క వైపే, 2 పెడితే ఎదురెదురు వైపులు. చివరి అంకె బండి పోయే దిక్కు, ఉత్తరం 0, తూర్పు 90, దక్షిణం 180, పడమర 270.

కార్డు తిరిగి పెట్టి సెట్ ఆన్ చేస్తే ఐగో ఆ ఫైల్‌ను తన పద్ధతిలోకి మార్చుకుంటుంది. ఆ తర్వాత సెట్టింగ్స్‌లో సౌండ్, వార్నింగ్‌ల దగ్గర అలర్ట్ పాయింట్ హెచ్చరికను ఆన్ చేయాలి. ఇది ఆఫ్‌లో ఉండి, ఫైల్ పనిచేయలేదని మూడోసారి నాలుగోసారి కార్డు పీకేవాళ్లను చూశాను. ఇండియా మొత్తం కెమెరాల ఫైల్ అని డబ్బులకు అమ్మేవాళ్లు ఉంటారు. ఎప్పటిదో తెలియకుండా కొనకండి. మీరు తిరిగేవి రెండు మూడు రోడ్లు, చూసిన కెమెరాలు మీరే రాసుకుంటే అంతకంటే నమ్మకమైన ఫైల్ ఉండదు.

తిరుచానూరు:
గార్మిన్ కంపెనీ నావిగేషన్ పెట్టె వాడేవాళ్లకు కూడా చెబుతాను. పీఓఐ లోడర్ అనే వాళ్ల ఉచిత ప్రోగ్రామ్‌తో ఇలాంటి ఫైలే ఎక్కించవచ్చు. అందులో వరుస రేఖాంశం, అక్షాంశం, పేరు. పేరు చివర @60 అని పెడితే 60 దాటినప్పుడే మోగుతుంది. ఎక్కించేటప్పుడు మైళ్లు కాకుండా కిలోమీటర్లు ఎంచుకోండి.

అలిపిరి:
ఘాట్ రోడ్డుకు ఇవేవీ అక్కర్లేదు స్వామీ. అక్కడ చూసేది టైం. ఎక్కేది రెండో ఘాట్, 1974లో తెరిచింది. దిగేది 1944 నాటి మొదటి ఘాట్. కింద అలిపిరి టోల్‌గేట్‌లో టైం నమోదవుతుంది, పైకి కనీసం 28 నిమిషాలు పట్టాలి. దిగేటప్పుడు కనీసం 40 నిమిషాలు. అంతకంటే ముందు చేరితే వేగంగా వచ్చినట్టే లెక్క. పైకి దాదాపు 18 కిలోమీటర్లు కాబట్టి సగటున గంటకు 40 లోపు, దిగేటప్పుడు 30 లోపు. గేటు దాటగానే ఫోన్‌లో టైమర్ పెట్టుకుంటే చాలు. కొందరు మలుపుల్లో దూసుకుపోయి, గేటుకు ముందు బండి పక్కన ఆపి టైం గడుపుతారు. వెనక వచ్చే బస్సుకు అదెంత ప్రమాదమో ఆలోచించరు.

మదనపల్లె:
భాకరాపేట ఘాట్, మొగిలి ఘాట్ మీదుగా పోతే కెమెరా కంటే మలుపు హెచ్చరిక ముఖ్యం. నేను మ్యాప్‌మైఇండియా వాళ్ల మ్యాపుల్స్ యాప్ పెట్టుకుంటాను. స్పీడ్ బ్రేకర్లు, వంకర మలుపులు, ప్రమాదాలు ఎక్కువ జరిగే చోట్లు ముందే చెబుతుంది. గొంతు కాస్త ఎక్కువగానే మోగుతుందనుకోండి.

చిత్తూరు కోర్టు వీధి:
తప్పా కాదా అని అడిగారు కదా. జర్మనీలో నడిపేవాళ్లు ఇలాంటి హెచ్చరికలు వాడకూడదు. ఫ్రాన్స్‌లో కెమెరా అని కాకుండా ప్రమాద ప్రాంతం అని మాత్రమే చూపించాలి. మన దగ్గర 2021 ఆగస్టులో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో తెచ్చిన 167ఎ నిబంధనే, కెమెరా నిఘా ఉన్న చోటుకు ముందు బోర్డు పెట్టాలంటుంది. అంటే ఉన్న సంగతి దాచడం ఉద్దేశం కాదు. ఆ నిబంధనలో కెమెరాలు పెట్టాల్సిన నగరాల జాబితాలో మన చిత్తూరు కూడా ఉంది. అయితే రాడార్‌ను చెడగొట్టే జామర్లు వేరే, వాటి జోలికి పోకండి.

కారుకు వేగం మితిమీరితే మోటారు వాహనాల చట్టం 183వ సెక్షన్ కింద జరిమానా వెయ్యి నుంచి రెండు వేలు. డివైడర్ ఉన్న నాలుగు వరసల రోడ్డుపై కార్లకు కేంద్రం పెట్టిన గరిష్ఠం 100, కానీ అక్కడ తక్కువ అంకె బోర్డు ఉంటే బోర్డుదే మాట. ఇంకొకటి, ఆర్‌సీ మీ పేరు మీదికి మార్చుకుని, మొబైల్ నంబర్ కూడా మార్పించండి. పరివాహన్ ఈ-చలాన్ సైట్‌లో బండి నంబర్ కొట్టి పాతవేమైనా ఉన్నాయేమో చూడండి. ముందు ఓనరు హయాంలో పడినవి ఉంటే ఇప్పుడే ఆయనతో తేల్చుకోండి.

కొర్లగుంట, తిరుపతి:
అందరికీ చాలా థ్యాంక్స్. నాది కార్డు సెట్టే. పుత్తూరు దగ్గరి కెమెరా, చంద్రగిరి దాటాక ఒకటి రాసి ఎక్కించాను, మోగుతున్నాయి. కానీ సర్వీస్ రోడ్డులో 30లో పోతున్నా, ఎదురు వరసలో పోతున్నా చంద్రగిరిది అరుస్తోంది.

చిత్తూరు, కారు సెట్ల పని:
డిర్‌టైప్ 0 పెట్టి ఉంటారు. 1 చేసి, మీరు ఆ కెమెరా కిందుగా పోయే దిక్కు అంకె వేయండి, ఎదురు వరసలో ఆగిపోతుంది. సర్వీస్ రోడ్డు పక్కనే ఉంటుంది కాబట్టి సెట్ రెండింటినీ ఒకటే అనుకుంటుంది, దానికి మందు లేదు. హెచ్చరిక సెట్టింగ్‌లో 'వేగం దాటినప్పుడే' అన్నది ఉంటే అది పెట్టండి, 30లో పోయేటప్పుడు నోరు మూసుకుంటుంది. ఫైల్ మార్చి కార్డులో వేసేటప్పుడు, ఆ ఫోల్డర్‌లో ఐగో తయారుచేసుకున్న పాత స్పడ్ (పేరు చివర .spud అని ఉండే) ఫైల్‌ను తీసేయండి, లేకపోతే పాత వరుసలే మోగుతుంటాయి.